కుడి రెక్క

మోచేయి నుంచి మణికట్టు దాకా కోత ఒకే గీతగా రావాలి. అతను గద్దను వెల్లకిలా పరిచి, ఎడమ రెక్కను పూర్తిగా చాపి, లోపలివైపు సన్న ఈకలను తడిదూదితో పాపిట తీసినట్టు రెండు పక్కలకూ విడదీశాడు. పాపిట మధ్య చర్మం ఉల్లిపొరంత పలచగా, కొంచెం నీలంగా కనిపించింది. కత్తి మొనను దాని కిందికి దూర్చి, పైకి లేపి పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగాడు. నెత్తురు రాలేదు. కరెంటు తీగలకు తగిలి చచ్చి, రెండు నెలలుగా మ్యూజియం మంచుపెట్టెలో ఉన్న పక్షి అది.

చర్మం తెరుచుకుంది. లోపల రెండు ఎముకలు, ఒకటి లావు, ఒకటి సన్నం. వాటి మధ్య ముదురెరుపు కండ. పెద్ద ఈకల మొదళ్ళు లావు ఎముకను దువ్వెన పళ్ళలా వరసగా పట్టుకుని ఉన్నాయి. వాటిని ఎముక నుంచి ఊడదీసేస్తే కండ తీయడం నిమిషాల పని. కానీ అలా ఊడదీసిన రెక్క మళ్ళీ ఎన్నటికీ సరిగ్గా ముడుచుకోదు. ఈకల మధ్య సందులు చెదిరిపోతాయి. చూసేవాళ్ళకు ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తుంది గాని, ఎక్కడో తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళలో అతను ఒక్క రెక్కనూ ఊడదీయలేదు. మొదళ్ళను కదపకుండా, వాటి సందుల్లోంచే పట్టకారుతో కండను పోగులు పోగులుగా లాగి తీస్తాడు. ఈ సంగతి తెలిసినవాడు ప్రపంచంలో ఇంకొక్కడే ఉన్నాడు. వాడు కిటికీ పక్కన పెద్దబల్ల ముందు కూచుని ఈల వేస్తున్నాడు.

ఆ ఈల అతని బావమరిదిది. భార్యకు తమ్ముడు.

"బావా, గద్ద ఏమంటోంది?"

"ఏమంటుంది? నువ్వు వెళ్ళిపోతున్నావంటే నమ్మనంటోంది."

"చూశావా మరి. చచ్చినవాటికి కూడా నేనంటే ప్రేమ."

ఈల మళ్ళీ మొదలైంది. అతను పట్టకారు కొసకు అంటుకున్న కండపోగును గుడ్డకు తుడిచాడు. వాడికి మాట ఎంత సులువుగా వస్తుందో! మాట అందించింది తాను, దాన్ని జోకు చేసుకుపోయింది వాడు. ఎప్పుడూ ఇంతే. రెక్కలు ఇచ్చేది తాను.

ఇవాళ ఆఖరి రోజు. దూరాన ఉన్న పెద్ద ఊళ్ళో ఇంకా పెద్ద మ్యూజియం వాళ్ళు బావమరిదిని పిలిపించుకుంటున్నారు. సాయంత్రం ఆరింటి బస్సుకు వాడు వెళ్ళిపోతాడు. రేపటి నుంచి ఆ కిటికీ, ఆ పెద్దబల్ల, సాయంత్రం దాకా దానిమీద పరుచుకుని ఉండే ఉత్తరపు వెలుతురు ఖాళీగా ఉంటాయి. వాటి గురించి ఆఫీసరు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పడానికేముందని అతను అనుకుంటున్నాడు. గదిలో ఉన్నది రెండు బల్లలు, ఇద్దరు మనుషులు. ఒకరు పోతే మిగిలేది ఎవరో లెక్క తెలిసినవాళ్ళు ఎవరైనా చెబుతారు.

మ్యూజియం హాల్లో ప్రతి గాజుపెట్టె కిందా ఒక చీటీ ఉంటుంది. పైన పక్షి పేరు, కింద సన్న అక్షరాల్లో "నిలబెట్టినవారు" అని, దాని ఎదురుగా బావమరిది పేరు. రెక్కలు చేసినవారు అనే వరస ఆ చీటీలో లేదు. ఆ చీటీ అచ్చువేసిన వాళ్ళకు అలాంటి మనిషి ఒకడుంటాడని తెలియదు. లోపలి ఉద్యోగులకు మాత్రం తెలుసు. వాళ్ళు అతన్ని రెక్కలాయన అంటారు.

చేతులు చూస్తే ఎవరైనా ఆ మాటే అంటారేమో. చర్మం చెడకుండా పూసే వెలిగారం పొడిలో, స్పిరిట్‌లో, సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు తెల్లబడి, గీతలు చెరిగిపోయి ఉంటాయి. గోళ్ళు పసుపు. చొక్కా ఉతికినా పోని వాసన ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో భార్య ఆ వాసనకు ముక్కు తిప్పుకునేది, తర్వాత మానేసింది. అలవాటై మానేసిందో, తమ్ముడు కూడా అదే వాసనతో ఇంటికి రావడం మొదలుపెట్టాక మానేసిందో అతను చాలాసార్లు ఆలోచించాడు.

అసూయ అతనికి నొప్పిగా ఉండేది కాదు. అది అతనికి రెండో ఉద్యోగం. దానికీ వేళలుండేవి, కొలతలుండేవి. టీ తెచ్చేవాడు ఎవరి గ్లాసులో మీగడ వేశాడు. ఆఫీసరు గదిలోకి వచ్చినప్పుడు ఏ బల్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు. భార్య "తమ్ముడు" అన్నప్పుడు ఆమె గొంతు ఎంత పైకి లేచింది, "ఏవండీ" అన్నప్పుడు ఎంత కిందికి దిగింది. ఇవన్నీ అతను రోజూ తూచేవాడు. తూకం తప్పుగా వచ్చిన రోజు, అంటే తనవైపు మొగ్గిన రోజు, ఎక్కడో మోసం జరిగిందని అనుమానంగా ఉండేది.

వాడిని ఇక్కడికి తెచ్చింది తానే. పందొమ్మిదేళ్ళవాడు. "ఇంట్లో కూచుని గోళ్ళు గిల్లుకుంటున్నాడండీ, మీ దగ్గర పెట్టుకోండి" అంది భార్య. పెట్టుకున్నాడు. వాడిది ఎడమచేతివాటం. పక్కపక్కన కూచుంటే మోచేతులు కొట్టుకునేవి. మొదటి నెలలో వాడు ఒక గోరింక రెక్క ఊడదీసేసి, ఏడుపు మొహంతో "బావా, ఇది ముడుచుకోవట్లేదు" అన్నాడు. ఆ రోజు ఎంత హాయిగా ఉండిందో అతనికి ఇప్పటికీ గుర్తుంది. అది ప్రేమేనని అనుకున్నాడు అప్పట్లో.

నాలుగో ఏడు వాడు ఒక గుడ్లగూబ మెడను అరంగుళం పక్కకు తిప్పి నిలబెట్టాడు. అంతే చేశాడు. ఆఫీసరు గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది నన్ను చూస్తోందయ్యా" అన్నాడు. ఆ మాటతో కిటికీ పక్కన పెద్దబల్ల వచ్చింది. ఆ గుడ్లగూబ రెక్కలు ముడుచుకుని, ఒంటికి అతుక్కుపోయి, అసలు ఉన్నాయో లేవో తెలియకుండా ఉన్నాయి. రెక్క అలా కనిపించకుండా ముడుచుకోవాలంటే ఎంత పనో ఆ ఆఫీసరుకు ఎవరు చెబుతారు?

ఆ తర్వాత కూతురు మూడో తరగతిలో ఉండగా బళ్ళో "మా ఇంట్లో వాళ్ళు ఏం పని చేస్తారు" అని రాయమన్నారు. అది రాసిందాన్ని భార్య పగలబడి నవ్వుతూ చదివి వినిపించింది. మా మామయ్య పక్షులను బతికిస్తాడు. మా నాన్న వాటి రెక్కలు కడుగుతాడు. అతను కూడా నవ్వాడు. నవ్వి, లేచి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

గద్ద రెక్కలో కండ అయిపోయింది. ఇక కొవ్వు. గద్దకు కొవ్వు పెద్దగా ఉండదు. ఈక మొదళ్ళ సందుల్లో అక్కడక్కడ నూకల్లా పసుపుపచ్చగా మెరుస్తుంది. అతను సన్న తీగల బ్రష్షుతో దాన్ని గీకి, గీకినచోట రంపపుపొట్టు చల్లి, జిడ్డు పీల్చాక దులిపి, మళ్ళీ గీకాడు. కొవ్వు ఒక్క నూకైనా లోపల మిగలకూడదు. మిగిలితే ఆ రోజు తెలియదు, ఆ ఏడాదీ తెలియదు. అది లోపల్లోపలే కాగి చర్మాన్ని తినేస్తుంది. పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఈకల మొదట్లో పసుపు మరక పైకి వస్తుంది, వాసన పుడుతుంది, ఒకనాడు గాజుపెట్టె అడుగున ఈకలు రాలి పడి ఉంటాయి. అప్పటికి చీటీ మీద పేరే జవాబు చెప్పుకోవాలి.

ఈ విషయం అతను బావమరిదికి మొదటి వారమే నేర్పాడు. పదకొండేళ్ళ కిందట ఒకసారి మరిచిపోవాలని నిర్ణయించుకున్నాడు.

అది అడవిబాతు. రెక్కలు రెండూ చాపి, నీటిమీద నుంచి అప్పుడే లేస్తున్నట్టు నిలబెట్టాలని బావమరిది అనుకున్నాడు. హాలు మధ్యలో పెట్టడానికి. "మొత్తం రెక్కలే బావా, నేను చేసేదేముంది" అన్నాడు వాడు. ఆ మాట మీద అతను రెండు రోజులు బతికాడు. మూడోరోజు చీటీ ముందుగానే అచ్చై వచ్చింది. నిలబెట్టినవారు. ఆ సాయంత్రం అతను ఎడమ రెక్క కోసి, కండంతా తీసి, నీటిపక్షి గనుక మొదళ్ళ చుట్టూ పేరుకుని ఉన్న కొవ్వును చూస్తూ కూచున్నాడు. బయట వాన పడుతోంది. పసుపు నూకలు దీపం వెలుతుర్లో దాదాపు అందంగా ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించి వాటిమీదుగానే చర్మం కుట్టేశాడు. తర్వాత కుడిదీ అంతే.

బాతు ఫొటో పేపర్లో పడింది. అప్పటి నుంచి ఏటా ఒకసారి, సెలవురోజున, అతను టికెట్టు కొనుక్కుని మామూలు జనంతో కలిసి హాల్లోకి వెళ్ళి ఆ గాజుపెట్టె ముందు నిలబడేవాడు. ఈకల మొదళ్ళకేసి చూసేవాడు. మరక రాలేదు. ఈక రాలలేదు. హాలు చల్లగా ఉంటుంది గదా, పెట్టెకు గాలి తగలదు గదా, ఇంకో రెండేళ్ళు పడుతుందేమో అనుకునేవాడు. ఆ ఎదురుచూపు అతని జీవితంలో అందరికంటే నమ్మకమైన తోడుగా ఉండేది. వాడు ఎంత ఎత్తుకు వెళ్ళినా కింద ఒక కొయ్య తన చేతిలో ఉంది. తాను తలుచుకుంటే లాగగల కొయ్య.

గద్ద ఎడమ రెక్క కుట్టి, కుడి రెక్కకు తడిదూది పెట్టేసరికి భోజనాల వేళయింది.

ఇల్లు పది నిమిషాల నడక. భార్య వంటింట్లో రెండు డబ్బాలు ముందు పెట్టుకుని తమ్ముడి ప్రయాణానికి భోజనం సర్దుతోంది. కూతురు పెళ్ళై వెళ్ళాక ఆ వంటింట్లో అన్ని గిన్నెలు ఒకేసారి బయటికి రావడం అతను చూడలేదు. అతనికి పొద్దుటి కూర, వాడికి ఇప్పటి కూర. అతను గమనించాడు, తూచాడు, పీట మీద కూచున్నాడు.

"వాడు వెళ్తున్నాడని నాకేం దిగులు లేదు" అంది ఆమె డబ్బా మూత నొక్కుతూ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పెళ్ళాం పిల్లలు ముందే వెళ్ళి ఇల్లు చూసుకున్నారు, బాగానే ఉంటాడు. మీ గురించే. ఇక మీ రెక్కలు ఎవరు చూస్తారో."

"నా రెక్కలు ఒకళ్ళు చూడడమేంటి?"

ఆమె చెయ్యి మూతమీదే ఆగింది. "ఏం లేదు. తినండి."

"చెప్పు."

"అదేనండీ... మీరు కుట్టేశాక వాడు ఓసారి విప్పి చూసుకుంటాడు గదా. చూపు ఆనక ఎక్కడన్నా ఏదన్నా మిగిలిపోతుందేమోనని. చెప్పొద్దన్నాడు, మీరు చిన్నబుచ్చుకుంటారని. నేను మాత్రం ఎప్పుడన్నా అన్నానా?"

అతను ముద్ద కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ పెద్దబాతు చేశారే, అప్పట్నుంచి. తీగ దూరుస్తుంటే జిడ్డు తగిలిందంట, విప్పి చూస్తే అందులో ఏదో కొవ్వు ఉండిపోయిందంట. ఆ నెలే గదండీ మిమ్మల్ని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను."

కళ్ళ డాక్టరు. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. భార్య తనంత తానుగా, ఎన్నడూ లేనిది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వరసలో గంటసేపు పక్కన కూచుంది. డాక్టరు పెద్ద లోపమేమీ లేదని, దగ్గరి చూపుకు చిన్న అద్దాలు రాసిచ్చాడు. తిరిగి వస్తూ అతను, ఈమెకు నేనంటే ఇంత ఉందన్నమాట అనుకున్నాడు. ఆ మధ్యాహ్నాన్ని పదకొండేళ్ళుగా జాగ్రత్తగా దాచుకున్నాడు. వాడి వల్ల కాకుండా తనకు దక్కింది అదొక్కటేనని.

"మజ్జిగ పొయ్యనా?"

"వద్దు."

మ్యూజియం గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే పలకరించాడు. "ఏం రెక్కలాయనా, మీవాడు ఎగిరిపోతున్నాడంట. మీరెప్పుడు?"

"నావి ఇంకా ఎండలేదు" అన్నాడతను. వాచ్‌మన్ మెచ్చుకోలుగా నవ్వాడు. తనకూ మాట వచ్చిందని అతనికి సంతోషం కలగలేదు.

గదిలో ఎవరూ లేరు. బావమరిది తాళాలు, సామాను అప్పజెప్పడానికి స్టోరుకు వెళ్ళినట్టున్నాడు. పెద్దబల్ల మీద నారాయణపక్షి ఉంది. దాని రెక్కలు అతను మొన్న ముగించి ఇచ్చినవి. బావమరిది లోపల చెక్కపీచు కూరి, తీగలు దూర్చి, సన్నకాళ్ళ మీద నిలబెట్టాడు. అట్టముక్కలతో, గుండుసూదులతో ఈకలు బిగించి ఉన్నాయి. అతను ఒక చేత్తో పక్షి వీపు పట్టుకుని, రెండో చేత్తో రెక్క అంచును పైకెత్తాడు. సన్న ఈకలను గోటితో పాపిట తీశాడు.

అతని కుట్టు కుడికి వాలుతుంది. కుడిచేత్తో ఎవరు కుట్టినా అంతే. ఈ కుట్లు ఎడమకు వాలాయి. చిన్నవి, సమంగా ఉన్నవి, ముడి మణికట్టు దగ్గర. అతను ముడి మోచేతి దగ్గర వేస్తాడు.

అలమరలో హాలుకు వెళ్ళాల్సినవి ఇంకా ఎనిమిది పక్షులున్నాయి. ఒక్కొక్కటే తీసి, వెల్లకిలా తిప్పి చూశాడు. పాలపిట్ట. నీటికాకి. రెండు మైనాలు. అన్నిటికీ ఎడమకు వాలిన కుట్లు. పదకొండేళ్ళుగా ఇలాంటి కుట్లు ఈ గదిలోనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. తాను ఎందుకు చూడలేదు? రెక్క ఒకసారి చేతి నుంచి వాడి బల్లమీదికి వెళ్ళాక దాన్ని మళ్ళీ చూడడం అతనికి భరించరానిదిగా ఉండేది. హాల్లో చూసినా చీటీని చూశాడు, మరక కోసం చూశాడు. రెక్కను చూడలేదు.

సిగ్గు వస్తుందని కాసేపు ఎదురుచూశాడు. దాని బదులు ఇంకేదో వచ్చింది. రోజూ సాయంత్రం తాను చొక్కా మార్చుకుని బయల్దేరేటప్పుడు వాడు, "నువ్వు పద బావా, నాకింకో అరగంట పనుంది" అనేవాడు. ఆఫీసరు కంట్లో పడడానికే వాడు ఆగిపోతున్నాడని అతను దారిపొడుగునా రగిలిపోతూ నడిచేవాడు. ఆ అరగంటలు ఎన్ని? వాటిలో వాడు దీపం దగ్గరికి లాక్కుని, తన కుట్టు ఒక్కొక్కటే కత్తిరించి, లోపల వెదికి, ఏమీ దొరక్క మళ్ళీ కుట్టి, ఇంటికి పోయేవాడు. దొరికేది కాదు, అది అతనికి తెలుసు. బాతుకు ముందూ తర్వాతా అతని రెక్కల్లో నూక కూడా మిగల్లేదు. అయినా ఇన్నేళ్ళూ వాడు వెదికాడు. పాపం బావకు కళ్ళు ఆనవు అనుకుంటూ.

తాను చేసింది పగ. వాళ్ళకది కంటిచూపు జబ్బుగా కనిపించింది. అక్కాతమ్ముళ్ళు కూచుని, గొంతు తగ్గించి, తన గురించి జాలిపడి ఉంటారు. ఏ వంటింట్లో, ఏ పండు కోసుకుంటూ. ఒక్క క్షణమైనా వాళ్ళకు అనుమానం రాలేదు. తనలో అంత శత్రువు ఉండగలడని వాడికి తట్టనే లేదు.

నాలుగింటికి ఆఫీసరు వచ్చాడు. ఇంకో పదిమంది వచ్చారు. టీ, బిస్కెట్లు. ఆఫీసరు నిలబడి రెండు నిమిషాలు మాట్లాడాడు. గుడ్లగూబ సంగతి చెప్పాడు, బాతు సంగతి చెప్పాడు. చప్పట్లు కొట్టాక గ్లాసు పట్టుకుని అతని దగ్గరికి నడిచివచ్చాడు.

"ఒకటో తారీఖున కొత్తాయన వస్తున్నారండీ. పెద్దబల్ల ఆయనకి ఇస్తున్నాం. అంతవరకు మీరు రెక్కలు చూసుకుంటూ ఉండండి. మీ బావమరిది అంతా చెప్పారు లెండి. కంటికి శ్రమ పెట్టుకోకండి, తొందరేం లేదు."

"అలాగేనండి" అన్నాడతను.

అందరూ వెళ్ళిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. బావమరిది పనిముట్లను గుడ్డలో చుడుతున్నాడు. అతను గద్ద కుడి రెక్క ముందు కూచుని, కత్తి పట్టుకుని, కోయకుండా ఉన్నాడు.

"బాతు విప్పావంట" అన్నాడు చివరికి.

బావమరిది చుట్టడం ఆపాడు. "అక్క వాగేసిందా? దాని నోట్లో ఏదీ ఆగదు."

"ఆఫీసరుకు కూడా చెప్పావు."

"నీ మంచికేలే బావా. ఆ పెద్దబల్ల మీద కూచుంటే కళ్ళల్లో గాజు పెట్టాలి, ముక్కుకు రంగెయ్యాలి. ఈ వయసులో నీకెందుకు ఆ తలనొప్పి? రెక్కల్లో నిన్ను మించినవాడు లేడు, అది కూడా చెప్పాను. కావాలంటే అడుగు."

"నా కళ్ళకేం కాలేదు."

"సరేలే."

"సరేలే కాదు. విను." అతను కత్తి కింద పెట్టాడు. ఆ మాట తన గొంతులోంచి వస్తున్నప్పుడు దానికి ఎంత గర్వం ఉందో వినిపించి తనకే ఆశ్చర్యం వేసింది. "అది పొరపాటు కాదు. కొవ్వు కనిపించింది. ప్రతి నూకా కనిపించింది. కావాలనే వదిలేసి కుట్టాను. నీ పేరు చెడాలని."

బావమరిది అతనికేసి చూశాడు. ఆ చూపులో మొదట నవ్వు ఉంది. తర్వాత అది కొంచెం తగ్గింది. సగం చుట్టిన గుడ్డను బల్లమీద పెట్టాడు.

"రెండిట్లోనా?" అన్నాడు.

"రెండిట్లోనూ."

వాడు ఊపిరి వదిలాడు. మళ్ళీ గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. "బావా, నేను రెండూ విప్పాను. ఎడమదాంట్లోనే ఉంది. కుడిది అద్దంలా ఉంది. మొదళ్ళ సందుల్లో కూడా గీకి, వెలిగారం పూసి, ఎంత శుభ్రంగా ఉందంటే, నేర్చుకోవాలని అరగంట అలా చూస్తూ కూచున్నా. రెండిట్లో ఉంటే నాకూ ఏదో అనుమానం వచ్చేది. పాడుచెయ్యాలనుకున్నవాడు ఒకటి వదిలేసి ఒకటి కడుగుతాడా ఎవడన్నా?"

"కుడిదీ వదిలేశాను."

"లేదు బావా."

"నా చేత్తో చేశాను, నాకు తెలీదా?"

"నా చేత్తో విప్పాను నేను" అన్నాడు వాడు మెల్లగా. తర్వాత ఎప్పటి గొంతులోకి వచ్చేశాడు. "అయినా నువ్వూ, పగా! వీధికుక్కను అదిలించాలన్నా పక్కింటాయన్ని పిలుస్తావు. నేను పోతున్నానని బాధతో ఏదో అంటున్నావు. అక్క దగ్గర మాత్రం అనకు, రాత్రంతా నవ్వుతుంది."

అతను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఎడమ రెక్క కళ్ళకు కట్టినట్టు ఉంది. వాన, దీపం, పసుపు నూకలు, దారం. కుడి రెక్క దగ్గరికి వచ్చేసరికి, కుడిదీ అంతే, అనే మాట ఉంది గాని దాని వెనక బొమ్మ లేదు. పదకొండేళ్ళుగా ఆ మాటనే చూశాడు. ఇంకా లోపలికి వెళితే ఒక్కటే కనిపించింది. కిటికీ బయట వాన ఆగిపోయి ఉంది, చేతులు సబ్బునీళ్ళలో ఉన్నాయి, నీళ్ళమీద కొవ్వు చిన్న చిన్న కళ్ళలా తేలుతోంది. ఎక్కడి కొవ్వు అది? వదిలేసినవాడి చేతికి అంత కొవ్వు ఎలా అంటింది?

చేతులు ఒడిలో పెట్టుకుని చూసుకున్నాడు. మనసు ఒకటి తేల్చుకుని పక్కకు తిరిగేలోగా ఇవి తమ పని తాము చేసుకుపోయాయన్నమాట. తనకు చెప్పకుండా. ఆ సంగతి ఇన్నేళ్ళుగా తెలిసినవాడు వాడొక్కడే. ఆ కుడి రెక్క ముందు అరగంట కూచుని చూసినవాడూ వాడే. తాను తన జీవితంలో చేసిన అన్నిటికంటే మంచి రెక్కను తాను చూడలేదు, వాడు చూశాడు. అసూయ మళ్ళీ లేచింది. ఈసారి దానికి తూకం వేయడానికి రెండో పక్కన పెట్టవలసిందేమిటో అతనికి తెలియలేదు.

"బస్సు టైమవుతోంది" అన్నాడు బావమరిది. "అక్క నేరుగా స్టాండుకే వస్తానంది. నువ్వు కూడా రా."

"గద్ద సగంలో ఉంది. తడి ఆరిపోతే చర్మం చిరుగుతుంది."

"అవును, అదీ నిజమే." వాడు సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కూచుని ఉన్న అతని భుజం మీద ఎడమచెయ్యి వేశాడు. ఆ చెయ్యి కొంచెం బరువుగానే ఉంది, కాసేపు తీయలేదు. "ఉంటా బావా. నీ సొరుగులో ఒకటి పెట్టాను. వాడుకో. మొహమాటపడి దాచిపెట్టకు."

వరండాలో అడుగులు వినిపించాయి. ఈల వినిపిస్తుందేమోనని అతను చెవి ఒగ్గాడు. వినిపించలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు, తర్వాత గేటు మూసుకుంది.

అతను గద్ద కుడి రెక్క కోశాడు. కండ తీశాడు. కొవ్వు గీకి, పొట్టు చల్లి, దులిపి, మళ్ళీ గీకాడు. ఈసారి కళ్ళు తిప్పకుండా చేతులను చూస్తూ కూచున్నాడు, పక్కవాడి చేతులను చూసినట్టు. అవి తొందరపడలేదు. ఒక మొదలు తర్వాత ఒక మొదలు, సందు తర్వాత సందు. పదకొండేళ్ళలో ఎవరూ విప్పి చూడబోరని అతనికి తెలిసిన మొదటి రెక్క ఇది. కుట్టు ముగించి మోచేతి దగ్గర ముడి వేసేసరికి కిటికీలోంచి వెలుతురు పెద్దబల్ల మీద నుంచి తప్పుకుని గోడకు ఎక్కింది. గోడ గడియారంలో ఆరు దాటి పావుగంటయింది.

దారం లోపల పెట్టడానికి సొరుగు లాగాడు. అట్టపెట్టె ఒకటి ఉంది. అందులో అరచేతంత గుండ్రటి భూతద్దం. దానికి మడిచి చాపుకునే ఇనప చెయ్యి, బల్ల అంచుకు బిగించుకునే మర, అద్దం చుట్టూ చిన్న దీపం. అతను దాన్ని తీసి, బిగించకుండా, గద్ద పక్కన బల్లమీద పెట్టాడు. అద్దం మీద అంగడివాళ్ళు అంటించిన పలచటి ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. ఒక్క ఎడమ అంచు మాత్రం కొంచెం లేచి, కిటికీ గాలికి కదులుతోంది.